కేసరి బొచ్చు లెక్క: పదహారు వారాల ప్రాజెక్టు డైరీ

కేసరి మా ఇంటికి వచ్చేనాటికి దానికి మూడేళ్లు. జర్మన్ షెపర్డ్ జాతి మగ కుక్క. బరువు 34 కిలోలు. వీపు మీద నలుపు, కాళ్ల మీద, మెడ కింద ముదురు గోధుమ రంగు. అంతకుముందు దానిని పెంచినవారు చెడ్డవారు కారు. వేళకు తిండి పెట్టారు, టీకాలన్నీ వేయించారు, ఒక్క దెబ్బ కూడా వేసి ఉండరు. రాలే బొచ్చును భరించలేక మాత్రమే వదులుకున్నారు. అప్పగించిన రోజున ఆ ఇల్లాలు కళ్లు తుడుచుకుంటూ, "రోజుకు మూడుసార్లు ఊడ్చినా మళ్లీ అంతే ఉంటుందండీ, ఇక నా వల్ల కావడం లేదు" అన్నారు. ఆ మాటలో అతిశయోక్తి లేదని నాకు పది రోజుల్లోనే తెలిసింది.

పదకొండేళ్ల మా అబ్బాయి పొద్దున లేవగానే వరసగా తుమ్మడం మొదలుపెట్టాడు. కేసరికి ఈ ఇల్లు కూడా దూరమవుతుందేమోనన్న భయం ఇంట్లో అందరికీ కలిగింది కాని, ఎవరమూ పైకి అనలేదు. భయపడుతూ కూర్చోవడం కంటే కొలిచి చూడడం మేలనిపించి ఈ డైరీ మొదలుపెట్టాను. గడువు పదహారు వారాలు. ప్రతి ఆదివారం మూడు అంకెలు రాయాలి: ఆ వారమంతా నేల మీద, సోఫాల మీద పోగైన బొచ్చు బరువు, దువ్వినప్పుడు వచ్చిన బొచ్చు బరువు, మా అబ్బాయి తుమ్ములతో లేచిన ఉదయాల సంఖ్య. తూచడానికి ఒక్కో గ్రాము చూపే వంటింటి త్రాసు ఉంది. దుమ్మును, దారపు పోగులను చేత్తో వేరుచేసి బొచ్చును మాత్రమే తూచాలని నియమం పెట్టుకున్నాను. ఒకటి రెండు గ్రాములు అటూ ఇటూ కావచ్చు. అయినా "ఇల్లంతా బొచ్చే" అన్న మాటకు హద్దు లేదు, గ్రాములకు ఉంది.

1వ వారం. నేల 31 గ్రాములు, దువ్వెన 0, తుమ్ములు 6 ఉదయాలు.

ఈ వారం దువ్వకూడదని ముందే అనుకున్నాను, మామూలుగా ఎంత రాలుతుందో తెలియాలి కాబట్టి. 31 గ్రాములంటే వినడానికి చాలా తక్కువ. కాని కుక్క బొచ్చు దూదిలా తేలిక. ఆ 31 గ్రాములను ఒక సంచిలో వేస్తే దిండంత అయింది. ఎక్కువగా దొరికిన చోట్లు నేను ఊహించినవి కావు. హాలు నడిమధ్యలో దాదాపు ఏమీ లేదు. తలుపుల వెనక, మంచం కాళ్ల దగ్గర, ఫ్రిజ్ కింద ఉండలు ఉండలుగా చేరింది. మనుషులు నడిచినప్పుడు, ఫ్యాను తిరిగినప్పుడు కదిలే గాలి దానిని మూలలకు తోసి, అక్కడ వదిలేస్తోంది.

ఏరిన బొచ్చును తెల్ల కాగితం మీద పరచి చూస్తే రెండు రకాలు స్పష్టంగా కనిపించాయి. ఒకటి పొడవుగా, బిరుసుగా, కొన నల్లగా ఉన్నది. రెండోది పొట్టిగా, మెత్తగా, బూడిద రంగులో ఉన్నిలా ఉన్నది. మొదటిది వానను, ఎండను, ముళ్లను ఆపే పైబొచ్చు. రెండోది ఒంటి వేడిని కాపాడే లోబొచ్చు. కుక్క చర్మంలో ఒక్కో రంధ్రం నుంచి ఒక పైవెంట్రుక, దాని చుట్టూ ఎన్నో సన్నని వెంట్రుకలు గుంపుగా పుడతాయి కాబట్టి లోబొచ్చే ఎక్కువగా రాలుతుంది. 1899లో జర్మనీలో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ ఈ జాతికి సంఘాన్ని స్థాపించి, హోరాండ్ అనే కుక్కను మొదటిదిగా నమోదు చేయించినప్పుడు ఆయన దృష్టిలో ఉన్నది అన్ని వాతావరణాల్లోనూ ఆరుబయట గొర్రెల మందను కాసే కుక్క. ఆ పనికి ఈ రెండు పొరల బొచ్చు అవసరం. ఇప్పుడు అది మా హాలులో ఉంటోంది. బొచ్చు మాత్రం మంద వెంటే ఉన్నట్టు పెరుగుతోంది, రాలుతోంది.

2, 3 వారాలు. నేల 33, 29 గ్రాములు. దువ్వెన 0, 4. తుమ్ములు 6, 6.

దువ్వెన చూడగానే కేసరి తోక ముడుచుకుని బల్ల కిందకు పోయింది. పాత ఇంట్లో విసుగులో, తొందరలో, నొప్పి పుట్టేలా దువ్వి ఉంటారు; వారిని తప్పుపట్టలేను, ఎవరూ నేర్పకపోతే అందరూ అలాగే దువ్వుతారు. బలవంతంగా పట్టుకుని దువ్వితే ఒక పూట బొచ్చు వస్తుందేమో కాని, ఆ తరువాత పదేళ్లపాటు రోజూ కుస్తీ పట్టవలసి వస్తుంది. కాబట్టి ఈ రెండు వారాలూ బొచ్చు సంగతి పక్కన పెట్టి, కేసరికి దువ్వెన మీద ఉన్న భయాన్ని పోగొట్టే పనిలో ఉన్నాను.

మొదటి మూడు రోజులు దువ్వెనను నేల మీద పెట్టి, దాని చుట్టూ చిన్న మాంసం ముక్కలు చల్లాను. దువ్వెన కనబడితే ముక్క వస్తుంది, దువ్వెన లోపలికి పోతే ముక్కలూ ఆగిపోతాయి, అంతే పాఠం. నాలుగో రోజు దువ్వెన చేత్తో పట్టుకుని ముక్క ఇచ్చాను. ఆ తరువాత దువ్వెన వెనక భాగాన్ని, పళ్లు తగలకుండా, భుజానికి ఒక్కసారి ఆనించి ముక్క ఇచ్చాను. ఇక్కడ వరస ముఖ్యం: ముందు దువ్వెన తగలాలి, ఆ తరువాతే ముక్క రావాలి. నేను మొదట్లో ముక్క చూపించి, అది తింటుండగా చాటుగా దువ్వెన ఆనించాను. దానితో కేసరి ముక్కనే అనుమానించడం మొదలుపెట్టింది. రెండు రోజుల పని వెనక్కి పోయింది. వరస సరిచేశాక మళ్లీ దారిలో పడింది.

కేసరి పెదవులు నాకుతూ, ముఖం పక్కకు తిప్పుకుంటూ, ఆవలిస్తూ ఉంటే అది నిద్ర కాదు, "చాలు" అని చెప్పడమని గుర్తుపట్టడం నేర్చుకున్నాను. ఆ గుర్తులు కనబడగానే ఆపేశాను. చెప్పింది వింటున్నారని అర్థమైన కుక్క మరుసటి రోజు ఇంకొంచెం ఎక్కువసేపు కూర్చుంటుంది. మూడో వారం చివర భుజం మీద, మెడ మీద పదిసార్లు దువ్వనిచ్చింది. వచ్చినది 4 గ్రాములే. ఈ పదహారు వారాల్లో ఇంత ఇష్టంగా నేను రాసుకున్న అంకె మరొకటి లేదు.

4వ వారం. నేల 22 గ్రాములు, దువ్వెన 62, తుమ్ములు 7.

ఇక్కడ తప్పు చేశాను. చనిపోయిన బొచ్చును లాగేస్తుందని చెప్పే, సన్నని పళ్ల లోహపు బ్లేడు ఉన్న పరికరం ఒకటి తెచ్చాను. ఒక్కో లాగుకూ గుప్పెడు బొచ్చు వచ్చింది. త్రాసు మీద అంకె పెరుగుతుంటే చేయి ఆగలేదు. వారంలో నాలుగుసార్లు, ఒక్కోసారి అరగంట చొప్పున, అదే వీపు మీద, అవే తొడల మీద లాగాను. ఆదివారం 62 గ్రాములు తూచి సంబరపడ్డాను. సోమవారం పొద్దున తుంటి మీద చర్మం ఎర్రగా కందిపోయి, తాకితే కేసరి ఉలిక్కిపడింది.

సంచిలోని బొచ్చును భూతద్దం కింద పెట్టి చూస్తే అసలు విషయం తెలిసింది. తనంతట తాను రాలిన వెంట్రుకకు ఒక చివర చిన్న గుండ్రని కుదురు ఉంటుంది. నా సంచిలోని నల్ల కొన వెంట్రుకల్లో చాలావాటికి ఆ కుదురు లేదు. నడిమికి తెగిపోయి ఉన్నాయి. అంటే నేను రాలవలసిన లోబొచ్చుతో పాటు బతికి ఉన్న పైబొచ్చును కూడా కోసేశాను. బరువు పెరిగింది కాని, అందులో కొంత బరువు కేసరికి ఇంకా కావలసినది. కుక్క చర్మపు పై పొర మనుషుల చర్మం కంటే చాలా పలచన; దాని మీద లోహపు అంచును మళ్లీ మళ్లీ లాగితే ఏమవుతుందో ముందే ఆలోచించవలసింది. ఆ పరికరాన్ని పక్కన పెట్టేశాను.

5వ వారం. నేల 30 గ్రాములు, దువ్వెన 0, తుమ్ములు 5.

చర్మం మానే వరకు విశ్రాంతి. చదవడానికి సమయం దొరికింది. వెంట్రుకకు పెరిగే దశ, పెరుగుదల ఆగే దశ, ఊరికే నిలిచి ఉండే దశ, చివరకు రాలిపోయే దశ ఉంటాయి. పూడిల్ వంటి కుక్కల్లో వెంట్రుకలు చాలాకాలం పెరిగే దశలోనే ఉంటాయి. అందుకే వాటికి తరచూ కత్తిరింపు కావాలి, రాలడం మాత్రం తక్కువ. కేసరి వంటి జాతుల్లో పెరుగుదల త్వరగా ముగిసి, వెంట్రుక నిలిచి ఉండే దశలో ఎక్కువకాలం గడిపి, కొత్తది వచ్చినప్పుడు రాలుతుంది. ఈ తేడాలో ఆర్‌ఎస్‌పీఓ2, ఎంసీ5ఆర్ అనే జన్యువులకు పాత్ర ఉంది. జన్యువులో ఉన్నదానిని ఏ నూనె, ఏ షాంపూ మార్చలేవు. ఏ గడియారాన్ని బట్టి ఎప్పుడు ఎక్కువ రాలాలో నిర్ణయమవుతుందంటే, ప్రధానంగా పగటి పొడవును బట్టి. వేడి, చలి దానికి తోడవుతాయి. రాత్రి పొద్దుపోయే వరకు దీపాలు వెలిగే ఇళ్లలో ఉండే కుక్కలకు రుతువుల తేడా మసకబారి, ఏడాది పొడవునా కొంత కొంత రాలుతూనే ఉంటుంది.

దీనితో ప్రాజెక్టు ప్రశ్న మారింది. రాలడాన్ని ఆపడం నా పని కాదు. రాలబోయే వెంట్రుక నేల మీద పడకముందే నా దువ్వెనలో పడేలా చూడడమే నా పని.

6వ వారం. నేల 17 గ్రాములు, దువ్వెన 48, తుమ్ములు 7.

కుక్కలకు స్నానం, కత్తిరింపు చేసే అనుభవజ్ఞురాలైన ఒక గ్రూమర్ దగ్గర గంటసేపు కూర్చుని నేర్చుకున్నాను. ఆమె మూడు పనిముట్లే వాడారు: గుండ్రని మొనలున్న, ఎడం ఎడంగా పళ్లున్న అండర్‌కోట్ రేక్, సన్నని వంపు తీగలున్న స్లికర్ బ్రష్, చివర్లో పరీక్షించడానికి లోహపు దువ్వెన. అసలు కిటుకు పనిముట్టులో లేదు, పాపిటలో ఉంది. ఎడమ అరచేత్తో బొచ్చును పైకి ఎత్తి పట్టుకుంటే దాని కింద చర్మం కనబడే సన్నని పాపిట తేలుతుంది. ఆ పాపిట కింద ఉన్న వేలెడు వెడల్పు బొచ్చును మాత్రమే, కుదురు నుంచి కొన వరకు, పెరిగిన దిశలోనే దువ్వాలి. అది జారుడుగా అయ్యాక అరచేతిని కొంచెం పైకి జరిపి మరో పాపిట తీయాలి. నేను ఇంతకాలం పైపైన వీపంతా ఒకేసారి దువ్వుతూ, లోపలి ఉన్నిని తాకనే లేదు.

తొడల వెనక గుబురుగా ఉండే చోటు, చెవుల వెనక, ముందుకాళ్ల చంకలు, మెడపట్టీ కింద బొచ్చు అట్టకడుతుంది. అట్టకట్టిన చోట రేక్‌తో గుంజకూడదు. కుదురు దగ్గర రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుని, లాగుడు చర్మానికి అందకుండా చేసి, కొన వైపు నుంచి కొద్దికొద్దిగా విడదీయాలి. రేక్‌ను ఒకే చోట నాలుగైదు లాగుల కంటే ఎక్కువ ఆడించకూడదని, చేతి బరువు వేయకుండా దాని బరువుతోనే దానిని నడవనివ్వాలని ఆమె చెప్పారు. వారానికి మూడు సార్లు, ఇరవై నిమిషాలు. మొదటి వారంలోనే నేల మీద బొచ్చు సగానికి దగ్గరగా పడిపోయింది.

7వ వారం. నేల 14 గ్రాములు, దువ్వెన 39, తుమ్ములు 7.

నేల అంకె సగం కంటే తగ్గింది. తుమ్ములు తగ్గకపోగా ఒకటి పెరిగాయి. రెండు వరసలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి కొట్టొచ్చినట్టు కనిపించింది: బాగా దువ్విన వారాల్లో ఏడుకు ఏడు ఉదయాలూ తుమ్ములే, దువ్వని ఐదో వారంలో అయిదే. బొచ్చు తగ్గితే తుమ్ములు తగ్గుతాయన్న నా నమ్మకమే తప్పు.

మా అబ్బాయికి అలర్జీ పరీక్ష చేసిన వైద్యుడు దీనిని చక్కగా వివరించారు. పిల్లవాడికి పడనిది వెంట్రుక కాదు. కుక్క లాలాజలంలో, చర్మం నుంచి రాలే కంటికి కనబడని పొట్టులో ఉండే ప్రోటీన్లు. వాటిలో ప్రధానమైన దానిని కాన్ ఎఫ్ 1 అంటారు. అలర్జీ కలిగించవని పేరుపడిన జాతుల బొచ్చులో కూడా ఈ ప్రోటీన్ తక్కువేమీ లేదని 2012లో నెదర్లాండ్స్ పరిశోధకులు ప్రచురించారు. వెంట్రుక వాహనం మాత్రమే. నేల మీద పడిన వెంట్రుకను ఊడ్చవచ్చు. పొట్టు గాలిలో గంటల తరబడి తేలుతుంది. నేను హాలులో కూర్చుని వారానికి మూడుసార్లు దువ్వుతూ, ఆ పొట్టునంతా పిల్లవాడు పీల్చే గాలిలోకి లేపుతున్నాను. ఈ సంగతి రాస్తుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అదే రోజు అయిదు మార్పులు చేశాం. దువ్వడం ఆరుబయటే, మా అబ్బాయి బడిలో ఉన్న వేళలోనే. దువ్విన బట్టలతో అతని గదిలోకి వెళ్లకూడదు. అతని పడకగదిలోకి కేసరికి ప్రవేశం లేదు, పగలు కూడా. అతని దుప్పట్లు, దిండు గలీబులు వారానికి ఒకసారి వేడి నీటిలో ఉతకాలి. ఆ గదిలో హెపా ఫిల్టర్ ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్ రాత్రంతా నడవాలి, 0.3 మైక్రాన్ల కణాలను 99.97 శాతం పట్టేదాన్నే హెపా అంటారు, ఆ అంకె లేనిదానిని కొనలేదు. గది తలుపు మూసినందుకు మా అబ్బాయి ఏడ్చాడు. కేసరి ఆ తలుపు బయటే పడుకుంది. రెండు రోజులు ఇల్లు ఇల్లులా లేదు.

8వ వారం. నేల 9 గ్రాములు, దువ్వెన 118, తుమ్ములు 4.

స్నానం. ముందుగా పొడి బొచ్చును పూర్తిగా దువ్వాలి; చిక్కులతోనే తడిపితే అవి బిగుసుకుని అట్టలవుతాయి. గోరువెచ్చని నీరు చర్మం వరకు చేరడానికే పది నిమిషాలు పట్టింది, పైబొచ్చు నీటిని అంతగా తోసేస్తుంది. మనుషుల చర్మం ఆమ్ల గుణం వైపు, కుక్కల చర్మం తటస్థం వైపు ఉంటాయి కాబట్టి మన షాంపూ పనికిరాదు. కుక్కల షాంపూనే నీటిలో పలచగా కలిపి పోశాను. రుద్దిన సమయానికి రెండింతల సమయం కడగడానికి పట్టింది. నురుగు లోపల మిగిలితే దురద, పొట్టు రెండూ పెరుగుతాయి.

వేడి లేకుండా వేగంగా గాలి ఊదే డ్రయ్యర్‌తో ఆరబెట్టినప్పుడు ఈ ప్రాజెక్టులోకెల్లా పెద్ద అంకె వచ్చింది. గాలి తగిలిన చోట బొచ్చు విచ్చుకుని, లోపల వదులైపోయిన ఉన్ని పొగమంచులా ఎగిరింది. ఆ మోతకు కేసరి బెదరకుండా మూడు రోజుల ముందు నుంచే డ్రయ్యర్‌ను దూరంగా నడిపిస్తూ ముక్కలు పెట్టాను. చెవుల దగ్గర మాత్రం గాలి పెట్టలేదు, తువ్వాలుతో తుడిచాను. కుదురు దగ్గర తడి మిగలకూడదు. దట్టమైన బొచ్చు కింద తడి నిలిస్తే చర్మం పుండు పడుతుంది. ఆరబెట్టడానికి గంటంబావు పట్టింది.

స్నానం వల్ల అలర్జీ ప్రోటీన్ తగ్గుతుంది కాని, కొద్ది రోజుల్లోనే మళ్లీ చేరుతుంది. అలాగని వారానికి రెండుసార్లు కడిగితే చర్మం ఎండిపోయి పొట్టు ఎక్కువవుతుంది. ఆరు వారాలకు ఒకసారి చాలనుకున్నాను. తుమ్ములు తగ్గినది స్నానం వల్ల కంటే తలుపు వల్లనేనని నా అంచనా.

9వ వారం. నేల 10 గ్రాములు, దువ్వెన 27, తుమ్ములు 4.

మా పిన్ని వచ్చి చూసి, "ఇంత కష్టమెందుకే, ఎండలు కూడా వస్తున్నాయి, ఒకసారి గొరిగించేయరాదూ, దానికీ హాయి, నీకూ హాయి" అంది. ప్రేమతో చెప్పిన మాటే కాబట్టి ఓపికగా జవాబు చెప్పాను. కుక్క మనలా ఒళ్లంతా చెమట పట్టించి చల్లబడదు. దానికి చెమట గ్రంథులు ముఖ్యంగా పాదాల అడుగున ఉంటాయి, చల్లబడడం ఎక్కువగా రొప్పడం ద్వారానే. రెండు పొరల బొచ్చు చలిని ఆపినట్టే ఎండ వేడిని కూడా చర్మం దాకా రానివ్వకుండా ఆపుతుంది. గొరిగితే ఆ నీడ పోయి చర్మం ఎండకు కాలుతుంది. పైగా లోబొచ్చు త్వరగా, పైబొచ్చు ఆలస్యంగా పెరిగి, కొన్నిసార్లు నెలల తరబడి అసలు పెరగకుండా, అతుకుల బొంతలా తయారవుతుంది. గొరిగిన కుక్క బొచ్చు రాల్చడం మానదు. పొట్టి ముక్కలు రాలి బట్టల నేతలో గుచ్చుకుంటాయి, ఏరడం ఇంకా కష్టం. వేసవికి కావలసినది దువ్వి లోబొచ్చును తీసేయడం. అప్పుడు గాలి చర్మానికి తగులుతుంది. పిన్ని అంతా విని, "అయితే దువ్వెన ఇటివ్వు" అని తనే పాపిట తీసి తొడ వెనక దువ్వింది. ఆమె చేయి నా చేయి కంటే తేలిక.

10, 11 వారాలు. నేల 9, 8 గ్రాములు. దువ్వెన 24, 22. తుమ్ములు 3, 2.

తిండిలో పెద్ద మార్పేమీ చేయలేదు. వెంట్రుక దాదాపు అంతా ప్రోటీనే కాబట్టి తిండిలో మంచి ప్రోటీన్ తగినంత ఉందో లేదో పశువైద్యురాలిని అడిగి నిర్ధారించుకున్నాను. ఆమె కేసరి బరువును బట్టి చేపనూనె మోతాదు రాసిచ్చారు. ఫలితం చూడడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలని, ఎక్కువ వేస్తే విరేచనాలు అవుతాయని హెచ్చరించారు. దువ్వెన తీయగానే కేసరి ఇప్పుడు చాప మీదకు వచ్చి పక్కకు పడుకుంటోంది.

12వ వారం. నేల 16 గ్రాములు, దువ్వెన 41, తుమ్ములు 2.

ఒక్క వారంలో నేల అంకె రెట్టింపు అయింది. తూచకపోతే ఇది నా కంటికి ఆనేది కాదు. పాపిట తీస్తుంటే తోక మొదట్లో అరచేయంత మేర బొచ్చు పలచబడి, వెంట్రుకలు తెగినట్టు కనిపించాయి. రాలడం వేరు, ఒకే చోట పలచబడడం వేరు. మొదటిది జాతి లక్షణం, రెండోది జబ్బు కావచ్చు. థైరాయిడ్ లోపమేమోనని భయపడి అదే రోజు పశువైద్యురాలి దగ్గరకు తీసుకువెళ్లాను. థైరాయిడ్ లోపంలో సాధారణంగా రెండు పక్కలా ఒకేలా పలచబడుతుందని, దురద ఉండదని, కుక్క బరువు పెరిగి మందకొడిగా అవుతుందని ఆమె చెప్పారు. కేసరి మాత్రం ఆ చోటును పళ్లతో కొరుక్కుంటోంది.

ఆమె సన్నని పళ్ల దువ్వెనతో అక్కడ దువ్వి, రాలిన నల్లని నలుసులను తడిపిన తెల్ల కాగితం మీద వేశారు. నలుసుల చుట్టూ ఎర్రటి చెమ్మ వ్యాపించింది. మట్టి అయితే నల్లగానే ఉండేది. ఎర్రబడిందంటే అది రక్తం తాగిన ఫ్లీ పురుగుల విసర్జన. బొచ్చులో గెంతుతూ తిరిగే ఈ పురుగుల లాలాజలం పడని కుక్కలకు ఒకటి రెండు కాట్లే చాలు, తోక మొదట్లో దురద మొదలవుతుంది. మెడ మీద వేసే మందు ఇచ్చారు. కుక్క మీద కనబడే పెద్ద పురుగుల కంటే ఇంట్లో గుడ్లుగా, లార్వాలుగా ఉన్నవే ఎక్కువ కాబట్టి కేసరి పరుపు గలీబును వేడి నీటిలో ఉతికి, పదిహేను రోజులు మూలమూలలా రోజూ వాక్యూమ్ చేశాం.

13వ వారం. నేల 11 గ్రాములు, దువ్వెన 26, తుమ్ములు 2.

ఇప్పటి వరకు దాచిన బొచ్చు మూడు పెద్ద సంచులయింది. ఏం చేయాలన్నది ఈ వారం ఆలోచన. ఉత్తర అమెరికా పసిఫిక్ తీరంలోని కోస్ట్ సేలిష్ ప్రజలు బొచ్చు కోసమే ఒక జాతి కుక్కలను వేరుగా పెంచి, గొర్రెలకు చేసినట్టు కత్తిరించి, ఆ ఉన్నితో దుప్పట్లు నేసేవారు. ఆ జాతి అంతరించిపోయింది. 1859లో చనిపోయిన మటన్ అనే కుక్క చర్మం స్మిత్‌సోనియన్ సంస్థలో భద్రంగా ఉంది. బొచ్చు భారం కాదు, సంపద అనుకున్న మనుషులు ఉన్నారని తెలిసి నాకు ఎంతో బాగనిపించింది. కేసరి లోబొచ్చు వడకడానికి మరీ పొట్టి. రెండు సాయంత్రాలు ప్రయత్నించాను, పోగు నిలవలేదు. పక్షులు గూళ్లకు వాడుకుంటాయని తోటలో వేయాలనుకున్నాను కాని, పురుగుల మందు వేసిన కుక్క బొచ్చు గూటిలోకి చేరితే ఆ మందు గుడ్లకు, పిల్లలకు తగులుతుంది. కాబట్టి పన్నెండో వారానికి ముందుదానిని ఆకుల కంపోస్టులో పలచగా కలిపాను. వెంట్రుకలో నత్రజని ఉంది, నెమ్మదిగానైనా కుళ్లుతుంది. మందు వేసిన తరువాతిది చెత్తలోకే.

14, 15 వారాలు. నేల 8, 7 గ్రాములు. దువ్వెన 20, 19. తుమ్ములు 1, 1.

ఇంటి పని కూడా ఒక దారికి వచ్చింది. పొడి చీపురు బొచ్చును పట్టదు, గాలిలోకి లేపుతుంది. నేలకు తడిగుడ్డ లేదా వాక్యూమ్ మాత్రమే. సోఫా మీద తడిపి పిండిన రబ్బరు తొడుగుతో ఒకే దిశలో నిమిరితే బొచ్చు ఉండగా చుట్టుకుని వస్తుంది. వాక్యూమ్ పీల్చడం తగ్గిందనిపించినప్పుడల్లా కారణం ఒక్కటే: బ్రష్ రోలర్ ఇరుసుకు చుట్టుకున్న బొచ్చు, లేదా నిండిన ఫిల్టర్. వారానికోసారి కత్తెరతో రోలర్‌ను విడిపిస్తున్నాను. బట్టలను మెషిన్‌లో వేసే ముందు గట్టిగా దులపాలి. తడిసిన బొచ్చు నేతకు అతుక్కుని, మెషిన్ వడపోత జల్లెడలో పేరుకుంటుంది.

తోక మొదట్లో కొత్త బొచ్చు మొలిచింది. నాలుగో వారంలో నేను కోసేసిన పైబొచ్చు తుంటి మీద ఇంకా పొట్టిగానే ఉంది. వెలుతురులో చూస్తే ఆ చోటు వేరుగా తెలుస్తుంది. వైద్యుడి అనుమతితో మా అబ్బాయి ఇప్పుడు సాయంత్రాలు కేసరితో ఆరుబయట ఆడుకుని, చేతులు, ముఖం కడుక్కుని, బట్టలు మార్చుకుని లోపలికి వస్తున్నాడు. ఆదివారం అంకెలు రాసేది కూడా అతనే. సంచిని మూతికట్టి ఇస్తాను, తూచి రాస్తాడు.

16వ వారం. నేల 15 గ్రాములు, దువ్వెన 71, తుమ్ములు 2.

గడువు ముగిసే వారంలో అంకెలు మళ్లీ లేచాయి. మొదట చూసి మా అబ్బాయి ముఖం పాలిపోయింది. నేనూ వెంటనే తోక మొదలు వెతికాను, తడి కాగితం పరీక్ష చేశాను. నలుసులు లేవు, దురద లేదు, ఎక్కడా పలచబడలేదు. రాలిన వెంట్రుకలను భూతద్దం కింద పెట్టాం. అన్నిటికీ చివర గుండ్రని కుదురు ఉంది, దాదాపు అన్నీ బూడిద రంగు లోబొచ్చే. తొడల వెనక, తుంటి మీద ఉన్ని కుచ్చులు కుచ్చులుగా పైకి తేలి, వేలితో పట్టుకుంటే నొప్పి లేకుండా ఊడి వస్తోంది. కొన్ని నెలలుగా పగళ్లు పొడుగవుతున్నాయి. కేసరి తన చలికాలపు దుప్పటిని వదులుతోంది.

కేసరిని అప్పగించిన ఆ ఇల్లాలికి ఫోను చేసి ఈ సంగతంతా చెప్పాను. ఆమె చాలాసేపు మౌనంగా ఉండి, "రేక్ అన్నారు కదా, దాని పళ్ల మొనలు గుండ్రంగా ఉండాలా?" అని అడిగారు. అవునన్నాను. వచ్చే ఆదివారం చూడడానికి వస్తానన్నారు.

మా అబ్బాయి కొత్త పుస్తకం తెచ్చి, మొదటి పేజీలో మూడు గీతలు గీసి, పైన రాశాడు: 17వ వారం. రేపటి నుంచి రోజూ దువ్వాలి, ఆరుబయట, బడి వేళలో.